ఎర్రగడ్డ సంతలో రెండు కోర్ల ప్రాసెసర్



ఎర్రగడ్డ నుంచి ఫిల్మ్‌నగర్‌కు యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ మీదుగా, ట్రాఫిక్ కరుణిస్తే ఆటోలో అరగంట. రెండు చోట్లా కంప్యూటర్ ప్రాసెసర్ల కోసం వెతికేవాళ్లు ఉన్నారు. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల గ్రాఫిక్స్ చేసే సంస్థలు ఎన్ని కోర్లుంటే, అంటే ప్రాసెసర్ లోపల లెక్కలు చేసే చేతులు ఎన్నుంటే, అంత మంచిదంటాయి. ఎర్రగడ్డలో ఆదివారం సంతకు వచ్చే డిగ్రీ కుర్రాడు జేబులో ఉన్న కొద్ది డబ్బుతో ఆటలాడే మిషన్ ఒకటి కూర్చుకోవాలనుకుంటాడు. వాడికి దొరికేది చాలాసార్లు రెండు కోర్ల ప్రాసెసర్. అది కొనాలా వద్దా, కొంటే దాన్ని కంపెనీ చెప్పినదానికన్నా వేగంగా పరిగెత్తించవచ్చా, అంటే ఓవర్‌క్లాకింగ్ చేయవచ్చా, అన్నదే ఈవేళ మన విషయం. కంపెనీల పేర్లు, మోడల్ నంబర్లు చెప్పకుండా ఈ ముచ్చట సాగదు. అవి వ్యాపార ప్రకటనలు కావు. వాటిలో చాలావరకు కొత్తవి ఎప్పుడో అమ్మడం మానేసిన సరుకు.

ముందు సినిమావాళ్ల అవసరం ఏమిటో చూద్దాం. 2012లో వచ్చిన ఈగ, 2015లో వచ్చిన బాహుబలి సినిమాలకు గ్రాఫిక్స్ చేసిన సంస్థల్లో మకుట వీఎఫ్ఎక్స్ ఒకటి. అది హైదరాబాద్ సంస్థే. ఇలాంటి పనిలో తెరమీద ఒక్క సెకను నడవడానికి 24 ఫ్రేములు కావాలి. ఒక్కో ఫ్రేమును కంప్యూటర్ లెక్కకట్టి గీయడాన్ని రెండరింగ్ అంటారు. కష్టమైన దృశ్యమైతే ఒక్క ఫ్రేముకే గంటలు పట్టవచ్చు. అయితే నూటొకటో ఫ్రేము గీయడానికి నూరో ఫ్రేము పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు. వంద మిషన్లుంటే వందకీ తలా ఒకటి పంచేయవచ్చు. ఒకే ఫ్రేమును సైతం ముక్కలు చేసి ఒక్కో కోరుకు ఒక్కో ముక్క ఇవ్వవచ్చు. కోర్లు రెట్టింపయితే పని దాదాపు సగం సమయంలో తెమిలిపోతుంది. అందుకే అక్కడ కోర్ల సంఖ్యకు అంత విలువ.

ఆట సంగతి వేరు. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు దొరికే సమయం పదహారున్నర మిల్లీసెకన్లకు కాస్త ఎక్కువ. ఆ కాస్త వ్యవధిలోనే మీరు మౌసు ఎటు కదిపారో చూడాలి, తుపాకి గుండు ఎవరికి తగిలిందో తేల్చాలి, శత్రువు ఎటు పరిగెత్తాలో నిర్ణయించాలి, ఆపైన ఏమేం గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పాలి. ఒకటి తేలకుండా ఇంకొకటి మొదలుకాదు. తర్వాతి ఫ్రేమును ముందే గీసి పెట్టుకుందామంటే ఆడేవాడు ఏం చేస్తాడో ఎవరికి తెలుసు?

పెళ్లివంట దగ్గర కూరగాయలు తరగడానికి ఇరవైమందిని కూర్చోబెట్టవచ్చు. పులిహోరకు పోపు పెట్టేది మాత్రం ఒక్క చెయ్యే. ఆవాలు చిటపటమనేదాకా మిగతావాళ్లు ఎంతమంది ఉన్నా నిలబడి చూడాల్సిందే. ఈ లెక్కను 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు సూత్రంగా చెప్పాడు. పనిలో సగం ఒక్కరే చేయాల్సినదైతే, మిగతా సగానికి ఎంతమందిని పెట్టినా మొత్తం పని రెండింతలకు మించి వేగం అందుకోదు. ఆటల్లో ఈ ‘ఒక్కరే చేయాల్సిన’ భాగం పెద్దది. దాన్ని మోసే కోరు ఎంత చురుగ్గా ఉంటే ఆట అంత సాఫీగా నడుస్తుంది. కాబట్టి ఆటకోసం ప్రాసెసర్ చూసేవాళ్లు ఎన్ని కోర్లని అడిగేముందు ఒక్క కోరు ఎంత పని చేయగలదని అడగాలి. తర్వాత, నేనాడే ఆట కనీసం ఎన్ని కోర్లు లేనిదే మొదలవ్వనంటుంది అని అడగాలి. నా మాట మొత్తం ఈ రెండు ప్రశ్నలే. మిగతాదంతా వాటికి జవాబులు వెతకడం.

అసలు రెండు కోర్లు ఎందుకొచ్చాయంటే, ఒక్క కోరును ఇంకా వేగంగా పరిగెత్తించడం కంపెనీల చేతకాలేదు గనక. 2004లో ఇంటెల్ తన తర్వాతి తరం పెంటియంను మధ్యలోనే మానేసింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెస్తామన్న మాటను అదే ఏడాది వెనక్కి తీసుకుంది. 3.8 దగ్గర ఆగిపోయింది. వేడి భరించలేనంతగా పెరగడమే కారణం. 2005 మే నెలలో ఇంటెల్ పెంటియం డి, ఏఎండీ అథ్లాన్ 64 ఎక్స్2 వచ్చాయి. రెండూ రెండేసి కోర్లవే. పెంటియం డిలో పైరకం మోడల్ 130 వాట్లు తినేది. కేబినెట్ పక్కమూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టుకున్న నెట్ సెంటర్లు ఆ రోజుల్లో మీకూ గుర్తుండవచ్చు.

2006 జులైలో కోర్ 2 డ్యుయో వచ్చి లెక్కంతా తిరగరాసింది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో ఇంటెల్ ఇంజనీర్లు ల్యాప్‌టాప్‌ల కోసం చేసిన పెంటియం ఎం డిజైన్ దీనికి మూలం. గిగాహెర్ట్జ్ తక్కువ, ఒక్కో క్లాకులో చేసే పని ఎక్కువ, వేడి 65 వాట్ల లోపు. ఈ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, సంతలో ఇప్పటికీ ‘ఇది 3.4 గిగాహెర్ట్జ్’ అని పెంటియం డి చూపించే వాళ్లుంటారు. పక్కనే 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో పడి ఉంటుంది. ఆటలో రెండోదే గెలుస్తుంది. గిగాహెర్ట్జ్‌ను ఒకే కుటుంబంలోని ప్రాసెసర్ల మధ్యే పోల్చాలి. కుటుంబం మారితే ఆ అంకెకు అర్థం లేదు.

2007, 2008 సంవత్సరాల్లో రెండు కోర్లదే రాజ్యం. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ గల్లీల్లో కుర్రాళ్లు ఆడుతున్నది కౌంటర్ స్ట్రైక్ 1.6. అది ఒక్క కోరుతో తృప్తిపడే ఆట. ఇళ్లలో జీటీఏ వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్. అవీ అంతే. 2007 నవంబరులో క్రైసిస్ వచ్చినప్పుడు దేశదేశాల్లో మిషన్లు మోకాళ్లమీద పడ్డాయి. అంతటి ఆట కూడా సిఫార్సు చేసింది 2.2 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయోనే. అదే కాలంలో నాలుగు కోర్ల క్యూ6600 ఉంది, 2.4 గిగాహెర్ట్జ్‌తో. 2008 జనవరిలో 3 గిగాహెర్ట్జ్ ఈ8400 వచ్చింది, రెండే కోర్లు, ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న మెమరీ, అంటే క్యాషె, 6 ఎంబీ. ఏది కొనాలన్న వాదన ఆ రోజుల్లో తెగలేదు. ఆ ఏడాది ఆటలకైతే ఈ8400 సరైన జవాబు. అదే మిషన్ ఐదారేళ్లు వాడుకునేవాడికి క్యూ6600. 2008 డిసెంబరులో పీసీకి వచ్చిన జీటీఏ 4 ఈ తేడాను బయటపెట్టింది. రెండు కోర్లతో మొదలవుతుంది గానీ, దానికి ఇష్టమైనవి మాత్రం నాలుగు.

ఇక ఓవర్‌క్లాకింగ్. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట చెబితే ‘కొన్న వస్తువును కాల్చుకుంటావా, నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలి’ అంటారు. అక్కడి మానసిక చికిత్సాలయం మీద పుట్టిన ఆ పరిహాసం ఇక చాలు. అక్కడికి వెళ్లేవాళ్లు చికిత్స కోసం వెళతారు, ఎగతాళి కోసం కాదు. ఓవర్‌క్లాకింగ్ కూడా పిచ్చిపని ఏమీ కాదు, అందులో ఉన్నది చిన్న గుణకారం. మదర్‌బోర్డు ఒక మూల వేగం ఇస్తుంది. ప్రాసెసర్ దాన్ని తన మల్టిప్లయర్‌తో హెచ్చిస్తుంది. ఈ8400లో మూల వేగం 333 మెగాహెర్ట్జ్, మల్టిప్లయర్ 9. హెచ్చిస్తే 3 గిగాహెర్ట్జ్. మల్టిప్లయర్ పెంచకుండా కంపెనీ తాళం వేసింది. మూల వేగానికి మాత్రం తాళం లేదు. బోర్డు సెట్టింగులుండే బయాస్‌లోకి వెళ్లి 333ను 400 చేస్తే తొమ్మిది నాలుగులు ముప్పయ్యారు, 3.6 గిగాహెర్ట్జ్. డీడీఆర్2 800 ర్యామ్ అసలు వేగం కూడా 400 మెగాహెర్ట్జే కనక రెండూ జతకుదిరి నడుస్తాయి. ర్యామ్‌ను ఇబ్బంది పెట్టకుండా ప్రాసెసర్‌కు ఐదోవంతు వేగం ఊరికే వచ్చినట్టు. ఆ కాలపు ఈ8400ల్లో చాలా వాటికి ఇది పెద్ద శ్రమ కాదు.

అసలు మజా పేదవాడి ప్రాసెసర్లలో ఉండేది. 2007లో వచ్చిన పెంటియం ఈ2160 చూడండి. మూల వేగం 200, మల్టిప్లయర్ 9, వేగం 1.8 గిగాహెర్ట్జ్. మూల వేగం 266 చేస్తే 2.4, 333 చేస్తే 3 గిగాహెర్ట్జ్. లోపలి సిలికాన్ కోర్ 2 డ్యుయోదే, క్యాషె మాత్రం కత్తిరించారు. ఖరీదైన దాని గిగాహెర్ట్జ్‌ను దానిలో కొంత ధరకే అందుకోవచ్చు. క్యాషె లోటు ఆటల్లో తెలుస్తుంది, ఆ మాట దాచకూడదు. 2008లో వచ్చిన ఈ5200 ఇంకా సుళువు. దాని మల్టిప్లయర్ పన్నెండున్నర. మూల వేగం 266 చేస్తే చాలు, 3.3 గిగాహెర్ట్జ్. ఎక్కువ మల్టిప్లయర్ ఉంటే లాభం ఏమిటంటే, బోర్డు చవకదైనా సరిపోతుంది. మూల వేగాన్ని 400 దాకా మోయడం అన్ని బోర్డుల వల్లా కాదు. 266 మోయలేని బోర్డు అరుదు. సంతలో బోర్డును ఎంచుకునే వీలు తక్కువ కనక, నా ఓటు ఈ5200కే.

ఏఎండీ వైపు కథ లాటరీ టికెట్టు. 2009 జూన్‌లో ఫెనమ్ 2 ఎక్స్2 550 బ్లాక్ ఎడిషన్ వచ్చింది. 3.1 గిగాహెర్ట్జ్, మల్టిప్లయర్‌కు తాళం లేదు. రెండు కోర్లని పెట్టె మీద రాశారు గానీ లోపల ఉన్నది నాలుగు కోర్ల చిప్పే. వాటిలో రెండింటిని ఫ్యాక్టరీలో మూసేశారు. కొన్నింటిలో ఆ రెండు కోర్లూ నిజంగా చెడిపోయి ఉండేవి. కొన్నింటిలో బాగానే ఉన్నా, తక్కువ ధర సరుకు కావాలి కాబట్టి మూసినవి. కొన్ని మదర్‌బోర్డుల బయాస్‌లో ఒక మీట నొక్కితే మూసిన కోర్లు తెరుచుకునేవి. అదృష్టం బాగుంటే రెండు కొన్నవాడికి నాలుగు. లేకపోతే తెరిచిన మరుక్షణం తెర నీలంగా మారేది. అమ్మేవాడు ‘ఇది నాలుగు కోర్లు అయితది’ అంటే అక్కడే తెరిచి చూపించమనండి. చూపించలేకపోతే రెండు కోర్ల ధరే ఇవ్వండి.

ఈ ఆటంతా 2011 జనవరిలో దాదాపు ముగిసింది. ఇంటెల్ రెండో తరం కోర్ ప్రాసెసర్లలో మూల వేగాన్నిచ్చే గడియారం చిప్‌సెట్ లోపలికి వెళ్లిపోయింది. హార్డ్ డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, అన్నీ ఆ ఒక్క గడియారం మీదే నడవసాగాయి. కాస్త పెంచితే ప్రాసెసర్ తట్టుకున్నా హార్డ్ డిస్కు తప్పులు చేస్తుంది. పేరు చివర కె అక్షరం ఉన్న ఖరీదైన మోడళ్లకే మల్టిప్లయర్ తెరిచారు. వాటిలో రెండు కోర్ల డెస్క్‌టాప్ ప్రాసెసర్ ఒక్కటీ లేదు. కాబట్టి సంతలో ఐ3 2100 లాంటిది కనిపిస్తే ఉన్న వేగంతోనే కొనండి. పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

మళ్లీ 2014లో ఒక మెరుపు మెరిసింది. పెంటియం పేరుకు ఇరవయ్యేళ్లయిన సందర్భంగా ఇంటెల్ జీ3258 తెచ్చింది. రెండు కోర్లు, 3.2 గిగాహెర్ట్జ్, తాళం తీసిన మల్టిప్లయర్, ధర 72 డాలర్లు. మంచి కూలర్ పెడితే 4.2, 4.4 దాకా వెళ్లేది. ఒక్క కోరు చేసే పనిలో అది తనకు మూడింతల ధర ఉన్నవాటి పక్కన నిలబడేది. హైదరాబాద్‌లోనూ కుర్రాళ్లు దానికోసం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీ, చుట్టూ తిరిగారు.

ఆ సంబరం మీద ఫార్ క్రై 4 నీళ్లు చల్లింది. అదే ఏడాది నవంబరులో వచ్చిన ఆ ఆట నాలుగు థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే నాలుగు పని వరసలు, కావాలంది. జీ3258 మీద పెడితే నల్లటి తెర వచ్చి ఆగిపోయేది. ప్రాసెసర్ వేగం చాలక కాదు. ఆట తన పనిలో ఒక ముక్కను మూడో కోరుకు కేటాయించింది, ఆ మూడో కోరు అక్కడ లేదు. మీరు 4.5 గిగాహెర్ట్జ్ అయినా పెట్టుకోండి, లేని కోరును ఓవర్‌క్లాకింగ్ పుట్టించలేదు. అదే నెలలో వచ్చిన డ్రాగన్ ఏజ్ ఇంక్విజిషన్‌తోనూ ఇదే తగువు. ఆటల రాతగాళ్లను తప్పుపట్టడానికి లేదు. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఎనిమిదేసి కోర్లు, ఒక్కోటీ నెమ్మదైనదే. వాటికోసం రాసేవాడు పనిని ముక్కలు చేయక తప్పదు. అలా రాసిన ఆట పీసీకి వచ్చినప్పుడు రెండు కోర్లను చూసి మొహం తిప్పుకుంది.

2017 జనవరిలో ఇంకో రెండు వచ్చాయి. ఒకటి పెంటియం జీ4560. రెండు కోర్లే గానీ ఒక్కో కోరు రెండు థ్రెడ్లను మోస్తుంది, అంటే ఆటకు నాలుగుగా కనబడుతుంది. 64 డాలర్లు, తాళం ఉన్నది. రెండోది ఐ3 7350కె. 4.2 గిగాహెర్ట్జ్, తాళం తీసింది, 168 డాలర్లు. దానికి ఖరీదైన జెడ్ రకం బోర్డు, విడిగా కూలర్ కావాలి. ఆ డబ్బుకు నాలుగు కోర్ల ఐ5 వచ్చేస్తుంది కదా అని అందరూ అడిగారు. ఇంటెల్ దగ్గర జవాబు లేదు. ఆ జులైలో ఏఎండీ నాలుగు కోర్ల రైజెన్ 3 1200ను, అదీ తాళం లేకుండా, 109 డాలర్లకు అమ్మింది. అక్టోబరుకు ఇంటెల్ ఐ3లోనే నాలుగు కోర్లు పెట్టింది. రెండు కోర్లను ఓవర్‌క్లాక్ చేసి గెలవడమన్న ముచ్చట ఆ ఏడాదితో సరి. 2019 నవంబరులో ఏఎండీ 49 డాలర్లకు అథ్లాన్ 3000జీ తెచ్చింది. రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు, తాళం తీసిన మల్టిప్లయర్, లోపలే చిన్న గ్రాఫిక్స్. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఇప్పుడు మన ఎండల గురించి. ఓవర్‌క్లాకింగ్ గురించి విదేశీ పత్రికలు రాసే ఫలితాలు ఇరవై, ఇరవైరెండు డిగ్రీల ఏసీ గదిలో తీసినవి. మే నెలలో బోరబండలోనో మోతీనగర్‌లోనో రేకుల ఇంటి గది నలభైకి దగ్గర్లో ఉంటుంది. గాలితో చల్లబరిచే కూలర్ ఏదైనా ప్రాసెసర్‌ను గది వేడికన్నా చల్లగా చేయలేదు. గది వేడి మీద ఇన్ని డిగ్రీలని లెక్క. ఇరవైరెండు డిగ్రీల గదిలో అరవై చూపిన ప్రాసెసర్ నలభై డిగ్రీల గదిలో డెబ్బై ఎనిమిది చూపిస్తుంది. అందుకని డిసెంబరులో కుదిరిన క్లాకు మేలో కుదరకపోవచ్చు. తెలిసినవాళ్లు రెండు సెట్టింగులు పెట్టుకుంటారు, శివరాత్రి వెళ్లగానే తగ్గిస్తారు.

వేగం పెంచితే వేడి అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే మాత్రం వర్గం చొప్పున పెరుగుతుంది. ఇరవై శాతం వేగం పెంచి వోల్టేజీ ముట్టుకోకపోతే ఇరవై శాతం ఎక్కువ వేడి. దానికి తోడు వోల్టేజీ పది శాతం పెంచారా, మొత్తం నలభై ఐదు శాతం ఎక్కువ వేడి. అందుకే మన వాతావరణంలో నా సలహా ఒకటే. వోల్టేజీ పెంచకుండా ఎంత వేగం వస్తుందో అంత తీసుకోండి. ఆపైన వచ్చే రెండు మూడు వందల మెగాహెర్ట్జ్ కోసం కరెంటు, కూలర్, చప్పుడు భరించడం దండగ.

కేబినెట్‌తో పాటు ఊరికే వచ్చే, మిషన్‌కు కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బాను నమ్మకండి. మీద 450 వాట్లని స్టిక్కర్ ఉంటుంది. మీరు చూడాల్సింది 12 వోల్టుల గీత దగ్గర ఎన్ని ఆంపియర్లు రాశారన్నది. అక్కడ 14 ఉంటే, పన్నెండు పద్నాలుగులు 168 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతకాల్సింది ఆ 168 మీదే. మిగతా వాట్లు వాటికి పనికిరావు. ఆట మధ్యలో మిషన్ రీస్టార్ట్ అవుతోందని ప్రాసెసర్‌ను తిట్టేవాళ్లలో చాలామంది తిట్టాల్సింది ఈ డబ్బాను.

సంతకు వద్దాం. ఆదివారం రోడ్డు పక్కన బేరం ఇలా నడుస్తుంది.

‘అన్నా, ఇది నడుస్తదా?’

‘నడుస్తది తమ్మీ, టెస్టింగ్ వారంటీ.’

‘అంటే?’

‘ఈడ పెట్టి చూపిస్తా. ఇంటికి తీస్కపోయినంక మాకు సంబంధం లేదు.’

ఇందులో మోసం లేదు, ఒప్పందం స్పష్టంగానే ఉంది. కాబట్టి చూడాల్సింది అక్కడే చూడాలి. ఇంటెల్ ఎల్‌జీఏ 775, ఆ తర్వాతి ఎల్‌జీఏ రకాల్లో పిన్నులు ప్రాసెసర్‌కు ఉండవు, మదర్‌బోర్డు సాకెట్లో ఉంటాయి. ఎల్‌జీఏ 775 సాకెట్లో 775 పిన్నులు. ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి చూస్తే వరస తప్పినది వెంటనే తెలుస్తుంది. ఒక్కటి వంగినా బోర్డు వదిలేయండి. ఏఎండీ వైపు ఏఎం2, ఏఎం3, ఏఎం4 రకాల్లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. వంగితే బ్లేడుతో మెల్లగా సరిచేయవచ్చు, విరిగితే ఏం చేయలేం. ప్రాసెసర్ మూత మీది అక్షరాలను నమ్మకుండా మిషన్ ఆన్ చేయించి సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పేరు, మల్టిప్లయర్, మూల వేగం చూడండి. పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే సరి. బోర్డు మీద స్తంభాల్లా నిలబడే కెపాసిటర్ల తల ఉబ్బి ఉంటే ఆ బోర్డు ఓవర్‌క్లాకింగ్‌కు పనికిరాదు, మామూలు వాడకానికీ ఎన్నాళ్లో ఉండదు.

మరి ఏది కొనాలి? మీరాడే ఆటను బట్టి. కౌంటర్ స్ట్రైక్ 1.6, వైస్ సిటీ, శాన్ ఆండ్రియాస్, 2010 దాకా వచ్చిన ఆటల్లో ఎక్కువ భాగం, ఇవే మీ లోకమైతే ఈ5200 లేదా ఈ8400, మామూలు బోర్డు, 4 జీబీ ర్యామ్ చాలు. ఓవర్‌క్లాకింగ్ నేర్చుకోవడానికి వీటిని మించిన పలక లేదు. కాలిపోయినా గుండె పగలదు. వాలొరంట్ వచ్చినప్పుడు దాని కనీస అవసరాల పట్టికలో ఈ8400 పేరే రాశారు. 2020లో వచ్చిన ఆటకు 2008 ప్రాసెసర్! అయితే అది సెకనుకు 30 ఫ్రేముల లెక్క. పైగా విండోస్ 11లో ఆ ఆట టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా ఏర్పాట్లు అడుగుతుంది, ఈ పాత బోర్డుల్లో అవి ఉండవు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. కాబట్టి పట్టికలో పేరుందని మురిసిపోవద్దు. 2023లో వచ్చిన కౌంటర్ స్ట్రైక్ 2 నాలుగు థ్రెడ్లు కావాలని ముందే చెప్పేసింది. 2015లో పీసీకి వచ్చినప్పుడు జీటీఏ 5 కనీస ప్రాసెసర్‌గా క్యూ6600 పేరు రాసింది. 2008లో ఈ8400తో వాదనకు దిగిన ఆ నాలుగు కోర్లదే. ఆ తగువు తీరడానికి ఏడేళ్లు పట్టింది.

కొత్త ఆటలు ఆడాలనుకుంటే రెండు కోర్లకు ఒక్క రూపాయి పెట్టకండి, ఎంత ఓవర్‌క్లాక్ అయినా సరే. ఆఫీసుల నుంచి బయటపడే పాత డెస్క్‌టాప్‌లలో నాలుగు కోర్ల ఐ5లు దొరుకుతాయి, తాళం ఉన్నవే అయినా అవి మేలు. కొత్త సరుకే కావాలి, డబ్బు మాత్రం విడతలుగానే వస్తుందన్నవాళ్లకు ఇందాక పక్కన పెట్టిన అథ్లాన్ 3000జీ ఒక దారి. దాని విలువ ప్రాసెసర్‌లో లేదు, సాకెట్లో ఉంది. ఏఎం4 బోర్డు తీసుకుని ముందు దీంతో నడిపి, చేతిలో డబ్బు ఆడినప్పుడు అదే బోర్డులో ఆరు కోర్ల రైజెన్ పెట్టుకోవచ్చు. ఎర్రగడ్డలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి ప్యారడైజ్‌లో దిగితే సీటీసీ దగ్గరే. అక్కడ ఏఎం4 బోర్డు కొనేటప్పుడు, మీరు తర్వాత పెట్టాలనుకునే రైజెన్‌కు సరిపడే బయాస్ ఆ బోర్డుకు ఉందో లేదో బిల్లు రాయకముందే అడగండి.

పని మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. మూల వేగం ఒకేసారి 400కు ఎగరేయకండి. పది పది మెగాహెర్ట్జ్ పెంచుతూ ప్రతిసారీ విండోస్ దాకా వెళ్లి, ప్రైమ్95 లాంటి పరీక్ష ఓ అరగంట నడిపి, వేడి చూసుకోండి. మిషన్ ఆగిపోయిన అంకె దగ్గర్నుంచి రెండు మెట్లు దిగి, అక్కడ రాత్రంతా పరీక్ష పెట్టండి. తెల్లారేసరికి తప్పు లేకుండా నడుస్తుంటే అదే మీ వేగం. ఎప్పుడైనా పెంచిన క్లాకు మీద మిషన్ తెర కూడా చూపించకపోతే ప్రాసెసర్ పోయిందని కంగారుపడొద్దు. కరెంటు తీసేసి, బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత బ్యాటరీ బయటికి తీసి, ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. బయాస్ అన్నీ మరిచిపోయి కంపెనీ ఇచ్చిన వేగానికి వచ్చేస్తుంది. ఆ బ్యాటరీ పేరు సీఆర్2032, ఏ వాచీ దుకాణంలోనైనా దొరుకుతుంది. సంతలో కొన్న బోర్డుకు మొదటి రోజే కొత్తది వేసుకోండి.